పైకప్పు కింద పాడని పాట

నిన్న ఫోన్‌లో అడిగావు కదా చిన్నోడా, నాకు కంప్యూటర్ ఎవరు నేర్పారని. ఎవరూ నేర్పలేదు. హోసూరులో మీ తాత పెట్టిన టైపింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో మిషన్లు తుప్పు పట్టాక ఒక కంప్యూటర్ కొని పెళ్లికార్డులు, బిట్ నోటీసులు కొట్టడం మొదలుపెట్టాం. కొడుతూ కొడుతూ అదే వచ్చింది. వేళ్లు మాత్రం మా నాయన తయారుచేసినవి. ఆ సంగతి ఫోన్‌లో చెప్పేది కాదు. మీ అమ్మ పక్కనుంటే అసలే చెప్పలేను. అందుకే రాస్తున్నాను. నువ్వూ, మీ అక్కా మీ పూణేలో కూర్చుని చదువుకోండి. ఇందులో దెబ్బలు ఎక్కువ. భయమేస్తే అక్కడితో ఆపేయండి.

మా నాయన గొర్రెలు కాసేవాడు. ఏడాదిలో పద్దెనిమిది రోజులు మాత్రం కూత్తు మేళానికి వాద్యారు, అంటే వీధినాటకం నేర్పే గురువు. మత్తూరు దగ్గర మా ఊళ్లో ఎండాకాలం వస్తే పాత యుద్ధం కథను పద్దెనిమిది రోజులు ఆడతారు. ఆడపిల్లను వేషం కట్టనివ్వరు గానీ, వెనక కూర్చుని హార్మోనియం పెట్టె వాయించడానికి అడ్డు లేదు. అందుకని నాకు పెట్టె, తమ్ముడికి వేషం నేర్పాడు. తాళం తప్పితే చేతిలో ఉన్న తాళపుచిప్ప అంచుతో నా వేళ్ల కణుపుల మీద కొట్టేవాడు. చర్మం లేచిపోయేది. తమ్ముడిని వీపు మీద కొట్టేవాడు. ఒకసారి వాడు వరసగా మూడుసార్లు తప్పితే, గొర్రెల్ని అదిలించే కర్ర విరిగేదాకా కొట్టాడు. వాడు ఏడవలేదు. విరిగిన ముక్క తీసి నాయన చేతికిచ్చి, "ఇంగొకటి తేనా?" అన్నాడు. వాడికప్పుడు పదేళ్లు.

ఆ పద్దెనిమిది రోజులూ మా ఊళ్లో కథలోని వాళ్ల పేర్లు నోటితో పలకరు. గద పట్టేవాడిని గద అంటారు. తొడ విరిగేవాడిని రాజు అంటారు. మా తమ్ముడు ముప్ఫై ఏళ్లు రాజు.

చివరి రోజు పొద్దున ఊరి బయట బీడులో మట్టితో ఒక మనిషిని పడుకోబెడతారు. ఇరవై అడుగుల మనిషి. కుడి తొడలో ఎర్రనీళ్ల కుండ పాతిపెట్టి పైన మట్టి మెత్తుతారు. రాజు ఆ తొడ మీద కూర్చుంటాడు. గద చుట్టూ తిరుగుతూ తొడ పాట పాడతాడు. మిగిలిన రోజుల్లో గద అంటే వెదురుబద్దలకు కాగితం అంటించింది. ఆ రోజు మాత్రం చింతమొద్దు. కుండ పగలాలి కదా. మొత్తం మూడు చుట్లు. ప్రతి చుట్టు చివర గొంతు ఆగుతుంది, మద్దెల ఆగుతుంది, పెట్టె ఆగుతుంది. రెండు తాళం దెబ్బల ఖాళీ. ఆ తర్వాత గద పడుతుంది. మొదటి రెండు చుట్లలో నేల మీద పడుతుంది, మూడోసారి తొడ మీద. ఆ రెండు దెబ్బల ఖాళీలో రాజు ఎడమపక్కకు దూకేయాలి.

ఇంకో సంగతి. తొడ పాటను పైకప్పు కింద పాడరు. రిహార్సల్‌లో పాడరు, కూనిరాగం కూడా తీయరు. పాడితే ఆ ఇంట్లో ఒకరు పోతారని నమ్మకం. కొత్తగా గద పట్టేవాడు పదేళ్లు పాతవాడి పక్కన బీడులో నిలబడి, చూసి నేర్చుకోవాలి. వేరే దారి లేదు.

నాయనకు పళ్లు ఊడి, పాటలు మరిచిపోవడం మొదలైనప్పుడు, అన్నీ రాసి పెడదామని నాకు బుద్ధి పుట్టింది. బెంగళూరు నుంచి స్వరాలు రాసే ప్రోగ్రాము ఒకటి సీడీలో తెప్పించాను. స రి గ మ అని కొడితే తెర మీద కనిపిస్తాయి, మీట నొక్కితే ఈలలాగా పాడి వినిపిస్తుంది. మీ అమ్మ కాలేజీకి పోయి వచ్చేలోపల రోజుకొక పాట ఎక్కించేదాన్ని. తొడ పాట మాత్రం నాయన నన్ను బీడుకు తీసుకుపోయి, ఆకాశం కింద పాడాడు. నోట్‌బుక్కులో రాసుకొచ్చి, కంప్యూటర్ సౌండు కట్టేసి ఎక్కించాను. తర్వాత ఆ నోట్‌బుక్కు చెదలు తినేశాయి.

ఆ ప్రోగ్రాముకు ఒక జబ్బు ఉండేది. మధ్యలో ఖాళీ వదిలితే పాట అయిపోయిందనుకుని ఆగిపోయేది. దానికి నేనొక ఉపాయం కనిపెట్టాను. ఖాళీ ఉండాల్సిన చోటల్లా అన్నింటికన్నా కింది స కొట్టి, దాని సౌండు సున్నా చేసేదాన్ని. మూగ స్వరం అనుకోండి. చెవికి వినపడదు, ప్రింటులో కనపడదు. కానీ దాని కాలం అది తీసుకుంటుంది. పద్దెనిమిది రోజుల పాటల్లోనూ ఖాళీలన్నీ అవే.

అలా చాలా ఏళ్లు నడిచింది. నాయన పోయాడు. పాత పెట్టె మాస్టరుకు చేతులు పడిపోతే ఆ పెట్టె కూడా నా ముందుకే వచ్చింది. పండుగ నెలలో ఊరు, మిగిలిన నెలల్లో హోసూరు షాపు. చివరికి కంప్యూటర్ ముసలిదైంది. వీపు మీద నాలుగు దెబ్బలు వేస్తే గానీ లేచేది కాదు. మెకానిక్‌ను పిలిచాను.

"అమ్మా, దీన్ని ఇంగ కొట్టొద్దు, పానం పోయింది," అన్నాడతను. "ఫైళ్లు మాత్రం తీసిస్తాను. ఈ ప్రోగ్రాము కొత్త మిషన్ల మీద నడవదు. చేసిన కంపెనీనే లేదు."

"లేకుండా యాడ పోయింది?"

"మూసేసినారు. సీడీ మీద నంబరుకు ఫోన్ చేసినాను. యాడో బిరియాని హోటలాయన ఎత్తినాడు. ఎన్ని పార్సళ్లు సార్ అంటా ఉండాడు."

నవ్వాను గానీ, నాయన గొంతు ఇక ఆ ఫైళ్లలోనే ఉంది.

ఆ రోజుల్లోనే ఒకతను షాపుకు వచ్చాడు. గుంటూరు వైపు నుంచి వచ్చి హోసూరు ఫ్యాక్టరీలో పని చేస్తున్నాడు. ముప్ఫై లోపు వయసు, తలుపులో వంగి రావాల్సినంత ఎత్తు. బయోడేటా ప్రింటు కోసం వచ్చి, గోడకు అంటించిన స్వరాలు చూసి అక్కడే పాడేశాడు. మంచి గొంతు. కంప్యూటర్ కథంతా విని, కొత్త ప్రోగ్రాము ఒకటి నా ల్యాప్‌టాప్‌లో వేసిచ్చాడు. పాత ఫైళ్లను ఉత్త అక్షరాలుగా మార్చి కొత్తదాంట్లో పోశాం. అన్నీ వచ్చాయి. కానీ మొదటి పాట పెట్టగానే మధ్యమధ్యలో పంది గురకపెట్టినట్లు శబ్దం.

"అమ్మగారూ, ఈ గుర్రుగుర్రేంటండీ?" అన్నాడు.

నా మూగ స్వరాలు. సౌండు సున్నా అన్న గుర్తును కొత్త ప్రోగ్రాము పట్టించుకోలేదు. వాటికి నోరొచ్చింది.

"ఇవన్నీ ఒకేసారి తీసేయొచ్చండీ. కానీ ఖాళీలు మళ్లీ మీరే పెట్టుకోవాలి," అన్నాడు.

తీసేయమని అతను చెప్పలేదు. మీట నొక్కింది నేను. ఒక్క నొక్కుతో అన్ని పాటల్లోంచి మూగ స్వరాలన్నీ పోయాయి.

తర్వాత మూడు నెలలు కూర్చున్నాను. ప్రతి పాటా వింటూ, ఎక్కడ ఊపిరి ఆగాలో అక్కడ ఆపి, కొత్త ప్రోగ్రాములో ఖాళీ గుర్తు పెట్టుకుంటూ పోయాను. తొడ పాట దగ్గరికి వచ్చేసరికి, ఇంట్లో ఉన్నాను కదా, సౌండు కట్టేశాను. కంటితో చూశాను. సాహిత్యం సరిగ్గా ఉంది, స్వరాలు సరిగ్గా ఉన్నాయి, ఒక అక్షరం కూడా పోలేదు. సరేననుకుని మూసేశాను. ఆ రెండు దెబ్బలు నా చెవికి తెలుసు. కంటికి ఎప్పుడూ తెలియదు.

ఆ ఏడాదే మా పాత గదకు చక్కెర జబ్బుతో కాలు తీసేశారు. నెల తిరక్కుండా పోయాడు. ఊళ్లో కుర్రవాళ్లంతా షిఫ్టులకు పోయేవాళ్లు, పదేళ్లు పక్కన నిలబడినవాడు ఒక్కడూ లేడు. నేను ఈ గుంటూరు అతని మాట ఎత్తాను. పెద్దలు ఒప్పుకోలేదు.

"ఆంధ్రావానికి గద ఇస్తారా? మన ఊర్లో మొగోళ్లే లేరా?"

మా తమ్ముడు అడ్డం పడ్డాడు. "ఉంటే రమ్మను, నా ముందర నిలబడమను. ఈ అబ్బికి ఎత్తుండాది, గొంతుండాది, తెలుగొస్తాది. ఇంగేం కావాల?"

అతను సెలవు రోజుల్లో బస్సెక్కి వచ్చి నేర్చుకునేవాడు. ఒకరోజు అడిగాడు, "ఆ చివరి పాట ఒక్కసారి పాడి చూసుకుందామండీ."

మద్దెల ముసలాయన చెవులు మూసుకున్నాడు. "ఆ మాట ఈడ ఎత్తొద్దప్పా! ఇంటి మింద పీనుగ లేస్తాది."

"మరెట్టా నేర్చుకోనండీ?"

"బీట్లో చూసుకుందాం పో. నా మద్దెల చూపిస్తాది నీకు దారి."

అప్పుడు నేనే నోరు తెరిచాను. ఫోన్‌లోకి ఎక్కించి ఇస్తాను, చెవుల్లో వైర్లు పెట్టుకుని వింటాడు, ఇల్లు వినదు, పైకప్పు వినదు అన్నాను. అందరూ నన్ను మెచ్చుకున్నారు. తమ్ముడు, "మా అక్క బుర్ర చూడండ్రా," అని తొడ కొట్టి నవ్వాడు. అతను రెండు నెలలు ఫ్యాక్టరీ బస్సులో, హాస్టల్ రూములో ఆ పాటను చెవుల్లో పెట్టుకుని తిరిగాడు. ఖాళీ లేని పాటను. చివరి మాట అవగానే దెబ్బ. అదే వాడి ఒంట్లోకి దిగింది.

పండుగకు వారం ముందు ఒక గొడవ జరిగింది. పదో రోజు యుద్ధం రిహార్సల్ చేస్తుంటే వెదురు గద జారి తమ్ముడి మోచేతికి గట్టిగా తగిలింది. తమ్ముడు లేచి వాడి చెంప పగలగొట్టాడు. మనిషి పక్కకు ఒరిగిపోయాడు, పెదవి చిట్లింది.

"ఆటకు కొట్టమంటే నిజంగా కొట్టొస్తావేమప్పా!"

అతను రక్తం తుడుచుకుని, "మీరు పెద్దవారు కాబట్టి ఊరుకున్నానండీ. ఇంకొకరైతే తేల్చేసేవాణ్ణి," అన్నాడు. ఇరవై మంది విన్నారు. పది నిమిషాలకు ఇద్దరూ ఒకే చెంబులో మజ్జిగ తాగారు. అది మాత్రం ఎవరికీ గుర్తు లేదు.

ఆ పొద్దున ఎండ తొందరగా ఎక్కింది. బీడు నిండా జనం. ఊత్తంగరై నుంచి, బర్గూరు నుంచి కూడా వ్యాన్లు కట్టుకుని వచ్చారు. మట్టిమనిషికి కోడిగుడ్లతో కళ్లు పెట్టారు. పక్కన పొట్టేలును నరికారు, నెత్తురు ఇంకా మట్టిలో ఇంకుతోంది. తమ్ముడు కిరీటం పెట్టుకుని తొడ మీద కూర్చుని మీసం దువ్వాడు. నేను మద్దెలాయన పక్కన పెట్టె ముందు కూర్చున్నాను. మైకు పెట్టె మీదికి వంచి ఉంది.

మొదటి చుట్టు. అతను కళ్లెర్రజేసి పాడుతూ తిరిగాడు. చివరి మాట అయింది. మద్దెల ఆగింది, నా వేళ్లు ఆగాయి. గద ఆగలేదు. ధబ్బుమని నేల మీద పడింది. మద్దెలాయన తలెత్తి చూశాడు. కొత్తవాడు, కంగారు పడ్డాడనుకున్నాడు. నాకు మాత్రం చెవుల్లో వైర్లు, సౌండు కట్టేసిన ల్యాప్‌టాప్, నొక్కిన మీట, అన్నీ ఒక్క క్షణంలో కళ్లముందు తిరిగాయి.

రెండో చుట్టు. "ఆపండి," అన్నాను. నా గొంతు మీకు తెలుసు కదా, పక్కగదిలోంచి పిలిస్తే మీ అమ్మకే వినపడదు. జనం ఈలలు వేస్తున్నారు. మద్దెలాయన మోకాలు పట్టి కుదిపాను. తాళం చెడుతుందని చేయి విదిలించాడు. చివరి మాట, వెంటనే గద. ఈసారి తమ్ముడు కూర్చున్న చోటికి మూరెడు దూరంలో పడింది. మట్టి ఎగిరి వాడి ముఖం మీద పడింది. వాడు తుడుచుకోలేదు.

మూడో చుట్టు. నేను పెట్టె వదిలి లేచాను. చీర కుచ్చెళ్లు తొక్కుకుని పెట్టె మీదే పడ్డాను. పెట్టె పెద్దగా అరిచింది. అందరూ అది ఆటలో భాగమనుకున్నారు. చివరి మాట అయింది, చింతమొద్దు దిగింది.

ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. పచ్చి వేపకొమ్మను మోకాలికి ఆనించి విరిచినట్లు. అదే దెబ్బకు కుండ కూడా పగిలింది. ఎర్రనీళ్లూ నెత్తురూ కలిసి చిమ్మితే జనం చప్పట్లు కొట్టారు. ఆడవాళ్లు ఆనవాయితీ ప్రకారం గుండెలు బాదుకుంటూ ఏడుపు ఎత్తుకున్నారు. ఆ ఏడుపులో మా తమ్ముడి అరుపు ఎవరికీ వినపడలేదు. మద్దెల మళ్లీ మొదలైంది. అతను మొద్దు పారేసి, మోకాళ్ల మీద పడి, "అయ్యో, అయ్యో, లేవలేదేంటండీ," అంటూ వాడి కాలిని మట్టిలోంచి లాగుతున్నాడు. కాలు మోకాలి పైన ఇంకో చోట వంగింది. ఎముక బయటికి వచ్చింది. అప్పుడు ముందు వరసలో ఒక ముసలామె ఏడుపు ఆపి చూసింది.

"నిజంగా కొట్నాడే!" అని కేకేసింది.

అంతే. మొదట చీపుర్లు లేచాయి. ఆ రోజు రాజును కొట్టినవాడిని ఆడవాళ్లు చీపుర్లతో కొట్టడం ఆచారమే, ఊరికే తాకిస్తారు. ఈసారి తాకించలేదు. తర్వాత బెల్టులు, తర్వాత పందిరి గుంజలు.

"చెంపదెబ్బకు పగ తీర్చుకున్నాడు నాకొడుకు!"

"చెప్పలేదా అప్పుడే, బయటోనికి గద ఇయ్యొద్దని!"

అతను చేతులు తల మీద పెట్టుకుని ముడుచుకుపోయాడు. ఎవరో జుట్టు పట్టి లేపారు. ముందుపళ్లు రెండు ఊడి గడ్డం మీద పడటం చూశాను. ఒకడు చెవి పట్టి లాగితే సగం తెగి వేలాడింది. తమ్ముడి కొడుకు, మీకు చిన్నాన్న వరస అవుతాడు, వాడు చింతమొద్దు ఎత్తుకుని వస్తున్నాడు. ఆ మొద్దు ఇంకొక్కసారి పడితే మనిషి ఉండడు.

పడిపోయిన మైకు నా చేతికి అందింది. జీవితంలో మొదటిసారి అందులో మాట్లాడాను.

"వాన్ని కొట్టొద్దండి. తప్పు నాది. పాటలో ఖాళీ ఉండాల. అది నేను పోగొట్టినాను."

బీడు చుట్టూ కట్టిన మైకుల్లోంచి నా గొంతే నా మీద పడింది. చేతులు ఆగాయి. దయతో కాదు, అర్థం కాక.

"ఏమంటా ఉండాదిరా ఆయమ్మ?"

"ఖాళీ పోగొట్టేదేందమ్మా? అదేమన్నా గొర్రెపిల్లనా, తప్పిపోనికి?"

మళ్లీ చెప్పాను. కంప్యూటర్ మార్చానని, మూగ స్వరాలు తీసేశానని, ఈ అబ్బికి ఖాళీ లేకుండా నేర్పింది నేనేనని. నాకే పిచ్చిమాటల్లాగా వినిపించాయి. కానీ నేను చెబుతున్నంతసేపూ వాళ్లు కొట్టలేదు. అందుకని చెబుతూనే ఉన్నాను. పోలీసు జీపు వచ్చేదాకా ఒకటే మాట తిప్పితిప్పి చెప్పాను. అతన్ని జీపులో వేసుకుపోయారు. తమ్ముణ్ణి వ్యాన్‌లో కృష్ణగిరి ఆసుపత్రికి తీసుకుపోయాం.

మర్నాడు పొద్దున ఉతికిన చీరలు తీసుకుపోదామని హోసూరు ఇంటికి వస్తే ముందరున్న షాపు తలుపు విరిగి ఉంది. తమ్ముడి కొడుకు, ఇంకో ముగ్గురు లోపల ఉన్నారు. వాడి చేతిలో గడ్డపార.

"అత్తా, ఏది ఆ డబ్బా? మా నాయిన కాలు ఇరిచిన డబ్బా ఏది?"

నేను చూపించలేదు. వాడికి చూపించక్కర్లేదు కూడా. ల్యాప్‌టాప్‌ను గోడకేసి కొట్టాడు. మూలనున్న పాత కంప్యూటర్ మీద గడ్డపార దించాడు. నాలుగు దెబ్బలకు అది రేకు అయిపోయింది. మీ తాత ఫోటో కూడా పగిలింది. నేను అడ్డం పోతే తోశాడు. బల్ల అంచు తగిలి పెదవి చిట్లింది, కింది పన్ను పోయింది. మెట్ల మీద జారానని మీ అమ్మకు చెప్పాను. ఇప్పుడు నిజం రాస్తున్నాను, మీరు చెప్పకండి.

వాడు పోతూపోతూ గుమ్మంలో ఆగి ఏడ్చాడు. "నువ్వు మైకులో ఆ మాట ఎందుకు చెప్పినావత్తా? వాడు తప్పించుకుంటాడు. నువ్వూ తప్పించుకుంటావు. మా నాయిన ఇంగ నడుస్తాడా?"

నోటినిండా నెత్తురు.

అతని మీద చంపబోయాడని కేసు రాశారు. చెంపదెబ్బ రోజు వాడన్న మాట విన్న ఇరవై మందీ సాక్ష్యం చెబుతామన్నారు. నా మాటను స్టేషన్‌లో ఎవరూ రాసుకోలేదు. ఖాళీ అంటే ఏమిటో చూపించడానికి నా దగ్గర కంప్యూటర్ కూడా లేదు. ఇక మిగిలింది దెబ్బ తిన్నవాడి మాట. ఆ గుంటూరు అతను జైలుకు పోవడమా, ఇంటికి పోవడమా అన్నది తమ్ముడి నోట్లో ఉంది.

ఎస్సై ఆసుపత్రికి వచ్చాడు. తమ్ముడి కాలికి ఇనుపరాడ్లు వేసి, బరువు కట్టి వేలాడదీశారు. కొడుకు పక్కనే నిలబడి చెవిలో చెప్పాడు, "నాయినా, కావాలనే కొట్నాడని చెప్పు. ఒక్క మాట."

నేను మంచం కాళ్ల దగ్గర నిలబడ్డాను. నా వాచిన పెదవి చూసి తమ్ముడు, "ఎవరు కొట్నారక్కా?" అన్నాడు. నేను కొంగుతో మూతి కప్పుకున్నాను. వాడు కొడుకు వైపు చూశాడు. కొడుకు తల దించుకున్నాడు. తమ్ముడు ఆ కాలితోనే లేవబోయాడు. నర్సు పట్టుకుంది గానీ, లేకపోతే ఆ రోజు ఆ వార్డులో ఇంకొకరి పళ్లు ఊడేవి.

ఎస్సై తమిళంలో అడిగాడు, తమ్ముడు తెలుగులోనే చెప్పాడు.

"వాడు సరిగ్గానే కొట్నాడు సార్. నేనే లేయలే."

"నాయినా!"

"నువ్వు నోరు మూస్కో. ముప్ఫై ఏండ్లు ఆ తొడ మింద కూసుండింది నేనా, నువ్వా? నేను లేయలే, కాలు ఇరిగింది. రాస్కోండి సార్. యాడ వేలుముద్ర వెయ్యాల?"

కేసు కొట్టేశారు. అతను ఫ్యాక్టరీకి తిరిగి రాలేదు. చెవికి కుట్లు వేయించుకుని వాళ్ల ఊరికి వెళ్లిపోయాడు. ఒక్కసారి ఫోన్ చేశాడు. ముందుపళ్లు లేక మాట ఈల వేసినట్లు వచ్చింది.

"అమ్మగారూ, అక్కడ ఎంతసేపు ఆగాలండీ?"

"రెండు దెబ్బలప్పా."

ఫోన్ పెట్టేశాడు. ఆ నంబరు ఇప్పుడు పనిచేయడం లేదు.

మీ అమ్మ కొత్త ల్యాప్‌టాప్ పంపింది కదా, దాంట్లో అన్నీ మళ్లీ ఎక్కించాను. గోడకున్న ప్రింట్ల నుంచి కొన్ని, నా వేళ్ల నుంచి కొన్ని. తొడ పాట మిగిలింది. ఒక పొద్దున తమ్ముణ్ణి ఆటోలో బీడుకు తీసుకుపోయి కుర్చీ వేసి కూర్చోబెట్టాను. కాలు మూడంగుళాలు పొట్టిదైంది. ఊతకర్ర పక్కన పెట్టుకుని, ఎండలో, వాడు పాడాడు. నేను ఒడిలో ల్యాప్‌టాప్ పెట్టుకుని కొట్టాను. మూడు చుట్లూ పాడాడు. ప్రతి చుట్టు చివరా ఆగి రెండు వేళ్లు ఎత్తి చూపాడు, నేను ఖాళీ గుర్తులు పెట్టాను. ఆకాశం కింద, సౌండు పెట్టి, మొదటిసారి ఆ పాటను మిషన్ నోట విన్నాం. సరిగ్గా ఉంది.

అప్పుడే ఆ రోజు సంగతి అడిగాను. వాడు ఊతకర్ర అందుకుని, "ఎండెక్కింది అక్కా, నన్ను లేపు," అన్నాడు. ఇంకోసారి వాళ్లింట్లో అన్నం పెడుతూ అడిగాను. పులుసు బాగుంది, ఇంకొంచెం పొయ్యమన్నాడు. మూడోసారి అడుగుదామనుకుంటూ ఉండగానే, పోయిన ఏడాది పొద్దున్నే పాలు పితుకుతూ గుండె ఆగి పడిపోయాడు. చెంబు కూడా ఒలకలేదంట.

తమ్ముడూ, అతన్ని కాపాడటానికి అబద్ధం చెప్పావనుకుంటాను ఒకసారి. రాజు పాట ముగియకుండా లేవకూడదని మొండికేశావనుకుంటాను ఇంకోసారి. నా తప్పు నలుగురిలో బయటపడుతుందని కూర్చుండిపోయావేమో అనుకున్న రోజు నాకు అన్నం దిగదు. మొదటి చుట్టులో గద ముందే పడింది, నాకు వినిపించింది. రెండో చుట్టులో మట్టి నీ ముఖం మీదికి ఎగిరింది. దూరంగా పెట్టె ముందున్న నాకే తెలిసినప్పుడు, ఆ తొడ మీద కూర్చున్న నీకు తెలియకుండా ఉంటుందా? మూడో చుట్టుకు ఎందుకు లేయలేదప్పా?